తెల్ల దుప్పట్లు ఉతికిన నీళ్ళు

మా క్యాంపస్‌లో పచ్చగా కనిపించే ప్రతి ఆకూ నా తోడికోడలి దయ. ఈ మాట నాది కాదు, ఆవిడది. పదిమందిలో అన్నది. అందుకే ఆవిడకీ నాకూ మాటల్లేవు.

నేను తోటల విభాగానికి సూపర్‌వైజర్ని. ఆవిడ హాస్టళ్ళ లాండ్రీకి ఇన్‌ఛార్జి. ఆవిడ భర్త, అంటే మా మరిది, క్యాంపస్ బస్సు నడుపుతాడు. మా ఆయన ఇక్కడే ఎలక్ట్రీషియన్. స్టాఫ్ క్వార్టర్స్‌లో కింద వాటా మాది, పై వాటా వాళ్ళది. పైన ఆవిడ బకెట్ జరిపినా నాకు వినబడుతుంది. కింద నేను తిట్టినా ఆవిడకి వినబడుతుంది. ఆ సౌకర్యం ఉంది కాబట్టే నేను కాస్త గొంతు పెంచి మరీ తిడతాను.

బోర్లు అడుగంటిన ఏడాది, మొక్కలకి మంచినీళ్ళు చుక్క కూడా వాడకూడదని ఆర్డరొచ్చింది. ఎండితే ఎండనివ్వండి, మనమేం చేస్తాం అన్నాడు ఎస్టేట్ ఆఫీసరు. ఆయనకేం, ఏసీ గదిలో కూర్చుంటాడు. నేను ఆ గది గుమ్మం ముందు బైఠాయించాను. లాండ్రీ నుంచి నీళ్ళన్నీ మురుక్కాలవ పాలవుతున్నాయి, వాటిని మా వైపు తిప్పండి అని పోరాను. నా పోరు పడలేక తిప్పించాడు. లాండ్రీ వెనకాల పెద్ద తొట్టి కట్టారు, నురగా మడ్డీ అందులో ఆగిపోతాయి. అక్కణ్ణుంచి కంకర పోసి తుంగ నాటిన గుంటలోంచి నీళ్ళు మెల్లగా వడకట్టుకుని మా తోటకి వస్తాయి. మా కొసన ఒక వాల్వు. ఇటు తిప్పితే మొక్కలకి, అటు తిప్పితే కాలవకి. ఆ వాల్వు ఉన్న అరకి తాళం, తాళం చెవి నా నడుముకి. అక్కడ ఇంకొకరి చెయ్యి పడితే నేను ఒంటికాలి మీద లేస్తాను.

తోట నిలబడింది. పైవాళ్ళు వచ్చి చూసి, ఆహా ఓహో అని నా చేతికి ఒక షీల్డు ఇచ్చారు. ఫొటో తీశారు. ఫొటోలో ఆఫీసరున్నాడు, నేనున్నాను, మా గొట్టం కూడా ఉన్నాడు. గొట్టం అంటే మా తోటమాలి. ఎప్పుడు చూసినా నీళ్ళ గొట్టం భుజానేసుకుని తిరుగుతాడని ఆ పేరు పెట్టాం. ఆ ఫొటోకి నా తోడికోడల్ని ఎవరూ పిలవలేదు. పిలవాల్సింది నేనా? ఫొటో తీసేది నేనా, షీల్డు ఇచ్చేది నేనా?

ఆవిడ లాండ్రీ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. అందరూ వినేలా, "మా మురుగు తాగి పెరిగిన గడ్డికి ఎంత మర్యాద జరుగుతోందో చూడండమ్మా! ఈ క్యాంపస్‌లో పచ్చగా ఉన్న ప్రతి ఆకూ నా దయ," అంది.

నేనేమైనా తక్కువ తిన్నానా? "మురుగు మురుగే. నా చెయ్యి పడ్డాకే అవి నీళ్ళయ్యాయి," అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. అప్పటిదాకా అక్కా అక్కా అని వెనకాల తిరిగిన మనిషి, ఆ సాయంత్రం మెట్ల మీద ఎదురుపడితే గోడ వైపు తిరిగి పైకెళ్ళిపోయింది. నేనూ రెయిలింగు వైపు తిరిగాను. మా ఇంట్లో ఆవిడ ఊసు ఎత్తకూడదని ఆ రోజే చెప్పేశాను. ఆవిడ పేరే కాదు, లాండ్రీ అన్న మాట కూడా నా చెవిన పడకూడదన్నాను. మా ఆయన సరేనన్నాడు. ఆయన ఎప్పుడు సరేననలేదు గనక!

మాటల్లేవని పని ఆగుతుందా? ఆగలేదు. ఇక్కడో చిన్న మెలిక ఉంది. పిల్లల రంగు బట్టలు మామూలు సబ్బుతో ఉతుకుతారు, ఆ నీళ్ళు మొక్కలకి ఏమీ చెయ్యవు. గెస్ట్‌హౌస్ దుప్పట్లు, హెల్త్ సెంటర్ దుప్పట్లు మాత్రం తెల్లవి. వాటికి బ్లీచింగ్ వేస్తారు. ఆ నీళ్ళు పారించామంటే లేత వేళ్ళు మాడతాయి, ఆకు అంచులు కాలినట్టవుతాయి. ఏ రోజు ఏవి ఉతుకుతున్నారో నాకు తెలియాలి. ఆవిడ వచ్చి చెప్పదు, నేను వెళ్ళి అడగను.

అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. లాండ్రీ మేడ మీద బట్టలారేసే తీగలున్నాయి. మా నర్సరీలో నిలబడి తలెత్తితే చాలు, తీగల మీద ఏమున్నాయో కనబడతాయి. రంగులు కనబడితే వాల్వు తోటకి. తెల్ల దుప్పట్లు కనబడితే కాలవకి. నీళ్ళు ఆ తొట్టీ ఈ గుంటా దాటి మా దాకా వచ్చేసరికి పూట గడుస్తుంది కాబట్టి కావలసినంత వ్యవధి. అలా ఏళ్ళు గడిచాయి, ఒక్క ఆకు మాడలేదు. పొద్దస్తమానం కబుర్లు చెప్పుకునేవాళ్ళ మధ్య కూడా ఇంత చక్కగా పని జరగదని నేను గర్వంగా చెప్పుకునేదాన్ని.

ఈ మధ్య తోటల విభాగానికి గండం వచ్చింది. తోటమాలుల్ని తీసేసి, ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తే నీళ్ళ గొడవే ఉండదని ఎవరో మహానుభావుడు పైన నూరిపోశాడు. ఆఫీసరు నన్ను పిలిపించాడు.

"కొత్త లైబ్రరీ ముందు ఏటవాలుగా నేల ఉంది చూశారుగా. ఈ సంగతి తేల్చడానికి కమిటీ వస్తోంది, వచ్చేసరికి అదంతా పచ్చగా ఉండాలి. ఉంటే మీ సెక్షన్ ఉంటుంది. లేకపోతే ప్లాస్టిక్ వస్తుంది, మీ వాళ్ళందరూ ఇంటికి. నేనైతే ఆపలేను," అన్నాడు.

ఆ వాలు ఒట్టి గట్టినేల. గునపం దిగదు. నేనూ మా వాళ్ళూ దాన్ని తవ్వి, రాళ్ళేరి, ఎరువు కలిపి, గడ్డి పిలకల్ని ఒక్కొక్కటిగా మోకాళ్ళ మీద కూర్చుని నాటాం. గొట్టం పెళ్ళాం నెలలు నిండి ఉంది. ఈ ఉద్యోగం పోతే వాడికి ఇంకో దిక్కు లేదు. వాడు ఆ పిలకలకి నీళ్ళు చల్లుతూ వాటితో మాట్లాడేవాడు. వెటకారం చేశాను గానీ, వాడు చూడనప్పుడు నేనూ మాట్లాడాను. నేల పచ్చబడటం మొదలెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే లాండ్రీకి ఆరబెట్టే మెషీన్లు వచ్చాయి. తీగలు పీకేశారు. తలెత్తి చూస్తే మేడ మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

గొట్టాన్ని పంపాను. "ఇవాళ తెల్లవా, రంగువా కనుక్కురా," అన్నాను. వాడు వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు.

"అడగాల్సినవాళ్ళు వచ్చి అడగమన్నారండీ."

"అంతేనా?"

"ఇంకా ఏదో అన్నారు. నేను వినలేదు లెండి."

వాడు విన్నాడు. నాకు చెప్పే ధైర్యం లేదు, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వాళ్ళెవరూ లాండ్రీ గడప తొక్కకూడదని గట్టిగా చెప్పాను. ఆవిడ చెప్పకపోతే తోట ఆగుతుందా? నాకు ముక్కు లేదా? రోజూ పొద్దున్నే దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసేదాన్ని. బ్లీచింగ్ ఘాటు ఎక్కడ దాక్కుంటుంది? ముక్కుకి తగిలిన రోజు వాల్వు కాలవకి తిప్పేదాన్ని. కొన్నాళ్ళు ముక్కే నన్ను ఒడ్డున పడేసింది.

తర్వాత హాస్టళ్ళలో జ్వరాలు పట్టుకున్నాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకుని గదులకి గదులే పడకేశాయి. దుప్పట్లన్నీ లాండ్రీకి చేరాయి. రోజూ ముదురు బ్లీచింగే. పిల్లలు ఆ మందు వాసనకి కక్కుకుంటున్నారని, చివరి నీళ్ళలో పూల వాసనేసే ద్రావకం ఏదో కలపడం మొదలెట్టారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో నాకు తెలిసిందల్లా ఒకటే, నా దోసిట్లో నీళ్ళు గులాబీల్లా గుబాళించాయి. నా గులాబీలు కూడా ఎన్నడూ అంత వాసన వెయ్యలేదు. పోనీలే, సబ్బు మార్చినట్టున్నారు అనుకుని వాల్వు తోటకే ఉంచాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ లాండ్రీ దగ్గర..."

"ఆ ఊసు నా ఇంట్లో వద్దని చెప్పానా లేదా?"

"అది కాదే, నీళ్ళ గురించి..."

"నీళ్ళ సంగతి మీరా నాకు చెప్పేది? బల్బు మార్చడం తప్ప మీకేం తెలుసు? ఇంకొక్క మాటంటే కంచం ముందు నుంచి లేచిపోతాను."

ఆయన తలొంచుకుని తిన్నాడు. మర్నాడు కూడా ఏదో అనబోయాడు. నేను చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు.

గడ్డి ముందు గొట్టం కంటికి కనబడింది. "అంచులు ఎర్రబడ్డాయండీ," అన్నాడు. ఎండకి లే, ఇంకాస్త పారించు అన్నాను. పాపం, వాడు ఇంకాస్త పారించాడు. ఆ వారం తిరక్కుండానే వాలంతా ఎండుగడ్డి రంగుకి తిరిగింది. ఒక పిలక పీకి చూస్తే వేరు నల్లగా, మెత్తగా చేతికొచ్చింది. అప్పటిక్కానీ నాకు వెలగలేదు.

నేరుగా లాండ్రీలోకి నడిచాను. ఏళ్ళ తర్వాత ఆ గడప తొక్కడం అదే. ఆవిడ రబ్బరు చేతితొడుగులు మోచేతుల దాకా వేసుకుని దుప్పట్లు ముంచుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెషీన్లు అంత చప్పుడు చేస్తున్నా నా గొంతే పైన వినబడింది.

"చంపేశావు కదే! కసి తీరిందా?"

"ఎవర్ని చంపాను?"

"నా గడ్డిని! నా వాలుని! ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని సమయం చూసి కొట్టావు."

ఆవిడ తొడుగు తీసి నుదురు తుడుచుకుంది. "బావగారితో చెప్పి పంపాను. జ్వరాలు తగ్గేదాకా రోజూ బ్లీచింగే, వాల్వు కాలవకి తిప్పుకోమని ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను. నన్నడగడానికి వచ్చావు గానీ, వెళ్ళి ముందు మీ ఇంట్లో అడుగు."

మా ఆయన లాండ్రీ వరండాలోనే నిచ్చెన మీద ట్యూబులైటు బిగిస్తున్నాడు. ఆయన వైపు చూశాను. ఆయన ఆ స్క్రూ వైపు చూశాడు.

"చెప్పబోయాను. నువ్వు చెప్పనిచ్చావా?" అన్నాడు, స్క్రూతోటే.

నాకు సిగ్గేసిందని రాస్తే మీకు బాగుంటుందేమో. సిగ్గు వెయ్యలేదు. కడుపు రగిలిపోయింది. అంత ముఖ్యమైన మాట ఈ మనిషికి చెప్పి పంపుతారా ఎవరైనా? మెట్ల మీద నన్ను ఆపి నా మొహాన చెప్పలేకపోయిందా? చెప్పింది అనిపించుకోవడానికి చెప్పిందే తప్ప, గడ్డి బతకాలని చెప్పలేదు. ఇప్పటికీ నేనిదే అంటాను.

కమిటీ రానే వచ్చింది. వాలు ముందు నిలబడి ఎండిన గడ్డిని చెప్పు కాళ్ళతో కదిపారు. ఆఫీసరు మొహం పాలిపోయింది. ఎవరి మెడకి చుడదామా అని అటూ ఇటూ చూస్తున్నాడు. లాండ్రీ వాళ్ళనీ పిలిపించాడు. మా ఆయన కూడా కరెంటు పనికి అక్కడే ఉన్నాడు.

"ఏమైందమ్మా ఇది?" అని కమిటీ పెద్దాయన అడిగాడు.

"బ్లీచింగ్ నీళ్ళండీ. లాండ్రీ నుంచి వచ్చాయి."

"బ్లీచింగ్ వేస్తున్నామని లాండ్రీ వాళ్ళు మీకు చెప్పారా?"

మా వాళ్ళందరూ నా వెనకాలే ఉన్నారు. గొట్టం భుజాన గొట్టంతో నిలబడ్డాడు. చెప్పారు అంటే, ఆ క్షణానే వీళ్ళందరి పనీ పోతుంది. ఒట్టి వీళ్ళ కోసమే అన్నానంటే అదీ అబద్ధమే. ఆవిడ అక్కడ నిలబడి ఉంది, అది చాలు నాకు.

"నాకు చెప్పలేదండీ," అన్నాను.

ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. మా ఆయన వైపు చూసింది.

"బావగారూ," అంది.

మా ఆయన చేతిలో కటింగ్ ప్లేయరు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, అప్పుడే కొన్నట్టు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన తలెత్తలేదు. ఇక ఆ నోరు పెగలదని తెలిశాక ఆవిడ, "సరే," అని తొడుగులు తీసేసి జేబులో పెట్టుకుంది.

లాండ్రీది నిర్లక్ష్యమని తేల్చారు. ఉతుకుడు పని బయటి కంపెనీకి ఇచ్చేశారు. తోటల విభాగాన్ని ఉంచారు, వాలు మళ్ళీ నాటుకోమన్నారు. మా వాళ్ళు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. గొట్టం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను గెలిచాను. పై వాటాలో బకెట్ చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దం నాకు హాయిగానే ఉందని చెప్పాలి.

మైలబట్టల మూటలు వ్యాన్లెక్కి బయటికి పోవడం మొదలైంది. మేము కొత్త పిలకలు తెచ్చి వాలంతా మళ్ళీ నాటాం. తొట్టిలో మిగిలి, ఘాటు విరిగిపోయిన నీళ్ళతో కొన్నాళ్ళు గడిచింది. ఒక పొద్దున గొట్టం కేకేశాడు. వెళ్ళి వాల్వు ఇటు తిప్పాను, అటు తిప్పాను. పైపు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నీళ్ళు రాలేదు.

ముందే తట్టలేదా అని మీరడగొచ్చు. తట్టలేదు. ఆవిడని ఎలా దింపాలన్న ఆలోచనలో ఉన్నదాన్ని, నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయన్నది ఎక్కడ గుర్తుంటుంది?

ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను.

"లాండ్రీ లేదు కదమ్మా, నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి?" అన్నాడు.

"పోనీ మంచినీళ్ళు ఇప్పించండి. పిలకలు ఇప్పుడే నాటాం."

"ఆర్డరు తెలుసుగా. చుక్క కూడా ఇవ్వడానికి లేదు. అన్నట్టు, లాండ్రీ వాళ్ళని మిగతా సెక్షన్లకి సర్దేశాం. మీకు మనుషులు చాలరు కదా, ఇన్‌ఛార్జిగారిని మీ దగ్గరికి వేశాం."

మర్నాడు పొద్దున్నే ఆవిడ కొడవలితో వచ్చి నా ముందు నిలబడింది.

"ఏం చెయ్యమంటారు సూపర్‌వైజరు గారూ?"

"ఆ చివర్నుంచి, పిలకల మధ్య మిగిలిన ఎండుగడ్డంతా పీకెయ్," అన్నాను, చెట్టు వైపు చూస్తూ.

ఆవిడ వెళ్ళి పీకడం మొదలెట్టింది. పని బాగానే చేసింది, అదీ నాకు నచ్చలేదు. ఎండ పెరుగుతోంది. కొత్త పిలకలు తలలు వాల్చేస్తున్నాయి. గొట్టం ఖాళీ గొట్టం పట్టుకుని వాటి మధ్య ఊరికే తిరుగుతున్నాడు. మేము తాగడానికి తెచ్చుకున్న సీసాల్లో నీళ్ళు కూడా వంపేశాం. ఏ మూలకి సరిపోతాయి?

ఎండ నడినెత్తికి రాకముందే ఆఫీసరు వచ్చాడు. వెంట ఒక కొత్త మనిషి, చేతిలో పచ్చటి ప్లాస్టిక్ గడ్డి ముక్క. దాన్ని మా నేల మీద పరిచి కాలితో నొక్కి చూపించాడు.

"నీళ్ళు లేని చోట ఇంతకన్నా మార్గం లేదమ్మా," అన్నాడు ఆఫీసరు. "మీ వాళ్ళు నేల చదును చేసిచ్చేస్తే చాలు. ఆ తర్వాత ఇక్కడ మనుషులతో పని ఉండదు. నెలాఖరు దాకా ఉండండి."

"నెలాఖరు తర్వాత?" అన్నాడు గొట్టం. వాడు నా వైపు చూశాడు. నేనేం చెప్పను? తల తిప్పేసుకున్నాను.

గడ్డి పీకుతున్న ఆవిడ నడుం సవరించుకుని లేచింది. "ఆ రోజు బావగారు నోరు విప్పుతారనే అనుకున్నాను," అంది, నాకు మాత్రమే వినబడేలా. "భలే పెంచావు అక్కా. నీ మొక్కలకన్నా బాగా పెరిగారు."

నాకు తిక్కరేగింది. మా ఆయన్ని అనే హక్కు ఈవిడకెక్కడిది? ఆయన్ని ఏమన్నా నేననాలి. పళ్ళు నూరుకుంటూ ఆఫీసరు మీదికి వెళ్ళాను. నా నోట్లోంచి ఏం వస్తోందో చూసుకోలేదు.

"చెప్పిందండీ ఈవిడ! రెండుసార్లు చెప్పి పంపింది. మా ఆయన వచ్చి చెప్పబోతే నోరు మూయించింది నేను. కమిటీ ముందు అబద్ధం ఆడిందీ నేనే. లాండ్రీ మళ్ళీ తెరిపించండి. ఉతకనివ్వండి. వీళ్ళకి నీళ్ళు కావాలి!"

మా వాళ్ళందరూ చేతుల్లో పని వదిలేసి నన్నే చూస్తున్నారు.

"ఎవరి కోసం చెప్తున్నావు ఇప్పుడు?" అంది నా తోడికోడలు.

ఆఫీసరు కొలతల టేపు లాగుతూ, దాని కొస పట్టుకునేవాళ్ళ కోసం వెతుక్కుంటున్నాడు. చివరికి నా చేతికి అందించాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, అయిపోయిందిగా. ఇది కాస్త పట్టుకుని ఆ అంచుకి వెళ్ళండి."

పట్టుకుని వెళ్ళాను. వాలు అంచున, ఇంకా ప్రాణం పోని పిలకల మధ్య కూర్చుని, టేపు కొస నేలకి ఆనించి పట్టుకున్నాను. ఆయన అవతలి వైపు నుంచి కొలత చదివి, ఆ ప్లాస్టిక్ గడ్డి మనిషికి చెప్పాడు.